కోత పడిన ఊళ్ళకు హాల్‌సాండ్స్ లెక్క

సంపాదకులకు నమస్కారం.

గంజాం జిల్లా తీరంలో ఏ పేటలో ఇళ్ళు కూలినా మన పత్రికల్లో శీర్షిక దాదాపు ఒకటే ఉంటుంది. ‘కడలి కోపం’ అనో, ‘సముద్రుడి ఆగ్రహం’ అనో వేస్తారు. కింద కూలిన గోడ ఫొటో, పక్కన తల పట్టుకుని కూర్చున్న ముసలమ్మ. రామయ్యపట్నం నుంచి ఋషికుల్య మొగ దాకా ఈ తీరం మీద వేట చేసే కుటుంబాల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వాళ్ళ చేతికి వచ్చే పత్రిక మీది. కాబట్టి ఆ శీర్షికలో లేని విషయం మీ ద్వారానే వాళ్ళకు చేరాలని ఈ ఉత్తరం. చెప్పబోయే ఊరు మాత్రం ఇక్కడిది కాదు. ఇంగ్లండులో సముద్రం పాలైన హాల్‌సాండ్స్. తీరం పని చేసే ఇంజనీర్లకు ఆ ఊరు బాగా తెలుసు. పేటల్లో ఉండేవాళ్ళకూ తెలియాలి.

ఇంగ్లండు నైరుతి భాగంలో డెవన్ అనే ప్రాంతం ఉంది. దాని దక్షిణ తీరంలో స్టార్ట్ బే అనే అఖాతం, దానికి దక్షిణపు కొసన స్టార్ట్ పాయింట్ అనే కొండకొమ్ము ఉన్నాయి. 1836లో కట్టిన దీపస్తంభం ఇప్పటికీ ఆ కొమ్ము మీదే ఉంది. దానికి కాస్త ఉత్తరంగా, వెనక నిటారు కొండ, ముందు సముద్రం, మధ్యలో సన్నటి రాతి అరుగు. ఆ అరుగు మీదే హాల్‌సాండ్స్. 1891 జనాభా లెక్కల ప్రకారం 37 ఇళ్ళు, 159 మంది. లండన్ ఇన్ అని ఒక సారా కొట్టు. మగవాళ్ళంతా వేటగాళ్ళే. ఎదురుగా స్కెర్రీస్ అనే ఇసక మెట్ట దగ్గర విల్లో బెత్తాలతో అల్లిన బుట్టలు దించి పీతలు పట్టేవారు. ఒడ్డు నుంచి వల చుట్టి తాళ్ళతో లాగే వేట కూడా ఉండేది. మన అలివి వల లాంటిదే. కెరటాల్లో పడవ ఒడ్డు చేరలేకపోతే, పెద్ద పెద్ద న్యూఫౌండ్‌లాండ్ కుక్కలు ఈదుకుంటూ పోయి తాడు కొస నోట కరిచి తెచ్చేవి.

ఇళ్ళ ముందు ఉన్నది ఇసక కాదు, గులకరాళ్ళ ఒడ్డు. పడవలు లాగి పెట్టుకునేది దాని మీదే, వలలు ఆరేసుకునేదీ దాని మీదే. ఆ సముద్రంలో ఎక్కువ రోజులు వీచేది నైరుతి గాలి. స్టార్ట్ పాయింట్ కొండ దానికి అడ్డం. ప్రమాదమల్లా తూర్పుగాలి లేచినప్పుడే. అది లేచినా గులకరాళ్ళ గట్టు అలను ముందే విరిచేది. 1600 ప్రాంతం నుంచి జనం ఇళ్ళు కట్టుకున్న చోటు అది. మూడు వందల ఏళ్ళు ఊరు నిలిచిందంటే ఆ గట్టు వల్లే.

1890లలో ప్లిమత్ దగ్గర కీహామ్‌లో ఉన్న నౌకాదళ డాక్‌యార్డును పెంచాలని ప్రభుత్వం నిర్ణయించింది. కాంక్రీటుకు కంకర కావాలి. గుత్త దక్కిన సర్ జాన్ జాక్సన్ కంపెనీకి స్టార్ట్ బేలో గులకరాళ్ళు తవ్వుకునే లైసెన్సు ఇచ్చారు. 1897 ఏప్రిల్లో డ్రెడ్జర్లు, అంటే నీటి అడుగు నుంచి తవ్వి తీసే ఓడలు, ఊరి ముందుకే వచ్చి నిలబడ్డాయి. రోజుకు 1,600 టన్నుల దాకా తీసేవారు. ఇప్పటి పది టన్నుల లారీలతో పోల్చుకుంటే రోజుకు 160 లారీలు. పని ఆగేసరికి తీసింది మొత్తం సుమారు 6,50,000 టన్నులని అంచనా.

ఊరివాళ్ళు మొదటి ఏడాదే మొర పెట్టుకున్నారు. బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే బ్రిటిష్ ప్రభుత్వ వాణిజ్య విభాగం విచారణ కూడా జరిపించింది. పెద్ద ప్రమాదం ఏమీ ఉండదని తేల్చి పని సాగనిచ్చారు. తీసినంత మేరా సముద్రమే మళ్ళీ తెచ్చి నింపుతుందని వాళ్ళ నమ్మకం. ఊరు మునగడానికి మొదటి కారణం ఈ ఒక్క లెక్క తప్పడం. అది ఎలా తప్పిందో కాస్త వివరంగా చెప్పాలి.

హాల్‌సాండ్స్ వెనక కొండ మైకా షిస్టు అనే, అభ్రకం కలిసిన పొరల రాయి. ఒడ్డు మీద గులకరాళ్ళలో ఎక్కువ భాగం చెకుముకి రాయి. కొండ అరిగి రాలినా చెకుముకి రాదు. దగ్గర్లో దాన్ని తెచ్చిపోసే నదీ లేదు. మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరుగుతూ వచ్చినప్పుడు, అప్పటిదాకా బయట మైదానంగా ఉన్న అడుగు మీది రాళ్ళను కెరటాలు వేల ఏళ్ళపాటు దొర్లించుకుంటూ తెచ్చి ఇక్కడ కుప్ప పోశాయి. సముద్రమట్టం నిలకడకు వచ్చాక ఆ రాబడి ఆగిపోయింది. అక్కడున్నది పాత నిల్వ. అఖాతంలో లోపలికి పోతే అడుగున సన్నటి ఇసకే తప్ప గులకరాయి లేదు. అంటే తవ్విన గుంట నింపడానికి ఎక్కడి నుంచీ ఏమీ రాదు. గుంట నిండింది నిజమే. దాన్ని నింపింది మాత్రం పైన ఇళ్ళ ముందున్న గట్టు జారి రావడం వల్ల. పోటు గీతకు దిగువన తవ్వితే ఎగువన మట్టం దిగుతుంది. సముద్రం నింపుతోందని బయటి అధికారులు అనుకున్నది ఊరి గట్టు కరిగిపోవడాన్ని చూసి.

1900 నాటికి ఒడ్డు దిగిపోయిందని అందరికీ కనబడింది. ఆ ఏడాది శరత్కాలపు తుఫానుకు ఊరి అడ్డుగోడలో కొంత భాగం కొట్టుకుపోయింది. నవంబరులో తమ ఇళ్ళు దెబ్బతిన్నాయని ఎంపీకి అర్జీ పెట్టుకున్నారు. 1901 మార్చిలో కింగ్స్‌బ్రిడ్జ్ గ్రామీణ మండలి రోడ్డు పాడవుతోందని బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌కు రాసింది. సెప్టెంబరులో కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, ఇంకో గట్టి తుఫాను వస్తే పెద్ద నష్టం జరుగుతుందని, తవ్వకం ఆపాలని సిఫారసు చేశాడు. 1902 జనవరి 8న లైసెన్సు రద్దయింది. అప్పటికి ఊరి ముందు ఒడ్డు సుమారు 4 మీటర్లు దిగిపోయి ఉంది.

ఆ 1902లోనే ఒడ్డు కాస్త పెరిగింది. గండం గడిచిందని ఎవరైనా అనుకుంటారు. చలికాలం తుఫాన్లు వచ్చి ఆ పెరిగింది తీసుకుపోయాయి, ఇళ్ళనూ కొట్టాయి. తీరం మీద పనిచేసేవాళ్ళు మాటిమాటికీ పడే పొరపాటు ఇదే. రుతువును బట్టి వచ్చే పెరుగుదలను శాశ్వతంగా కోలుకోవడం అనుకుంటారు. తర్వాత కాంక్రీటు గోడలు కట్టారు. రిచర్డ్ హాన్స్‌ఫోర్డ్ వర్త్ అనే ఇంజనీరు ఒడ్డు మట్టాలు కొలిచి కాగితం మీద పెట్టాడు. ‘మా కాలంలో ఒడ్డు ఇంత ఎత్తుండేది’ అనే పెద్దల మాటకు తూకం రావాలంటే అలాంటి అంకె పక్కన ఉండాలి. ఊరివాళ్ళ పక్షాన ఉన్న గట్టి సాక్ష్యం ఆ కొలతే.

1917 జనవరి 26న తూర్పు నుంచి పెనుగాలి, దానికి తోడు మామూలుకంటే ఎత్తైన పోటు. అల తన ఎత్తుకు ఒకటింపావు వంతు లోతున్న నీళ్ళలోకి వచ్చాక విరుగుతుంది. పది అడుగుల అల విరగాలంటే పన్నెండు పదమూడు అడుగుల లోతు చాలు. పాత గట్టు ఉన్నప్పుడు ఆ విరగడం ఊరికి ఎడంగా జరిగేది, మిగిలిన నురగ గులకరాళ్ళలో ఇంకిపోయేది. గట్టు 4 మీటర్లు దిగాక అంత లోతూ గోడ పాదం దగ్గరే ఉంది. విరగని అల నిండు బలంతో నేరుగా గోడకు తగిలింది. ఇంకో సంగతి. ఊరు నిలబడిన రాతి అరుగు ఏకరాయి కాదు. మధ్యమధ్య సందులు, వాటిలో పాతకాలపు తీరపు గులకమట్టి కూరుకుని ఉండేది. ఆ సందుల మీదా ఇళ్ళున్నాయి. గోడ పగలగానే నీళ్ళు ఆ మట్టిని తోడేశాయి, పైనున్న ఇళ్ళకు కింద నేల లేకుండా పోయింది. ప్రాణనష్టం జరగలేదు. ఏడాది ముగిసేసరికి కాపురానికి పనికొచ్చే ఇల్లు ఒక్కటే మిగిలింది. నష్టపరిహారం కోసం పోరాటానికి ఏడేళ్ళు పట్టింది. మిగిలిన ఆ ఒక్క ఇంట్లో ఎలిజబెత్ ప్రెటిజాన్ అనే ఆమె 1964 దాకా ఉంది.

తవ్వకం ఆగింది 1902లో, ఊరు పోయింది 1917లో. మధ్యలో పదిహేనేళ్ళు. కారణానికీ ఫలితానికీ మధ్య అంత ఎడం ఉంటే, ఇళ్ళు కూలిన మర్నాడు పత్రికకు కనబడేది గాలీ పోటూ మాత్రమే. అందుకే మీ శీర్షికల గురించి పట్టుబట్టి రాస్తున్నాం.

ఇక మన ఒడ్డు సంగతి. హాల్‌సాండ్స్ లెక్కను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చి అతికించడం సరికాదు. అక్కడిది నిల్వ, మనది పారకం. తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఇసకను ఉత్తరంగా తోస్తాయి. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద చూస్తే పోయేది ఉత్తరానికే. అది ఏటా పది లక్షల ఘనపు మీటర్ల దరిదాపుల్లో ఉంటుందని తీరం ఇంజనీర్లు లెక్క వేస్తారు. అంటే మన పేట ముందు కనబడే ఇసక ఎప్పుడూ ప్రయాణంలోనే ఉంటుంది. రేపు పొద్దున ఇక్కడ ఉండేది ఇవాళ దక్షిణాన ఉన్న ఇసక. కాబట్టి మనకు దెబ్బ రెండు దారుల్లో తగలొచ్చు. ఒడ్డు మీది ఇసక తోడుకుపోవడం ఒకటి. దక్షిణాన సముద్రంలోకి రాతికట్టడం కట్టి పారకాన్ని ఆపడం రెండోది. రెండో దెబ్బ గుర్తుపట్టడం తేలిక. కట్టడానికి దక్షిణాన బీచి వెడల్పవుతూ పోతుంది, ఉత్తరాన కోత పడుతుంది. దీనికి తెలిసిన మందు, దక్షిణాన ఆగిన ఇసకను యంత్రంతో తీసి ఉత్తరాన పోయడం. విశాఖలో రేవు దగ్గర చేరిన ఇసకను డ్రెడ్జర్‌తో తోడి నగరం బీచిలో పోస్తున్నది ఇందుకే. అది ఒకసారి చేసి చేతులు కడుక్కునే పని కాదు. పారకం ఆగినన్నాళ్ళూ ఏటా పోస్తూనే ఉండాలి.

మొదటి దారి చిన్నగా కనబడుతుంది కాబట్టి ఎవరూ లెక్క కట్టరు. కడితే ఇలా ఉంటుంది. ట్రాక్టరు తొట్టికి సుమారు 100 ఘనపుటడుగులు, అంటే 2.8 ఘనపు మీటర్లు. రోజుకు పది తొట్లు, ఏడాదికి 300 రోజులు. మొత్తం 8,400 ఘనపు మీటర్లు. అర కిలోమీటరు పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉన్న బీచి మీద దాన్ని పరిస్తే 56 సెంటీమీటర్లు, దాదాపు రెండడుగులు. పారకం పూర్తిగా ఉంటే కొంత పూడుతుంది. పారకానికీ అడ్డం పడిన చోట ఈ రెండడుగులు అలాగే పోతాయి. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు, 2011వి గానీ 2019వి గానీ, బీచి ఇసక తవ్వకాన్ని నిషేధిస్తున్నాయి. వేరేచోట దొరకని ఖనిజాలకు మినహాయింపు ఉంది. ఇంటి పనికి రెండు తొట్లు తెచ్చుకునేవాళ్ళకు ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఇసకలోని ఉప్పు కాంక్రీటులో ఇనుపచువ్వను తినేస్తుంది. ఆ ఇసకతో పోసిన కప్పు కొన్నేళ్ళకే పెచ్చులు రాలుతుంది.

కోత మొదలైన ప్రతిచోటా జనం ముందుగా అడిగేది గోడ. ఆ అడగడం న్యాయమే. వెనక ఇల్లుంటే ఇంకేం అడుగుతారు? కానీ నిటారు గోడకు తగిలిన అల వెనక్కి తిరిగి పాదం దగ్గరి ఇసకను గీరుకుపోతుంది. గోడ పునాది ఆ కోత కంటే లోతుగా లేకపోతే ముందుకు ఒరుగుతుంది. గోడ ఆగిన చోట, ఉత్తరపు కొస పక్కింటి దగ్గర, కోత ముందుకంటే ఎక్కువవుతుంది. గోడ కట్టే అంచనాలో మూడు విషయాలు ఉన్నాయా అని పంచాయతీ అడగాలి. పాదం ఎంత లోతు, పాదం ముందు పెద్ద రాళ్ళ పరుపు ఉందా, కొసలను ఎలా వంచి లోపలికి కలిపారు. ఇసక దిబ్బ ఇంకా మిగిలి ఉన్న పేటలకు మాత్రం మేం చెప్పే మాట వేరు. దిబ్బ మీది మొగలిపొదలు కొట్టొద్దు. గంజాం మొగలికి అత్తరు వల్ల పేరొచ్చింది. పేటలకు దాని వల్ల వచ్చే అసలు లాభం, దాని వేళ్ళు దిబ్బను పట్టి ఉంచడం.

అన్నిటికంటే ముందు జరగాల్సింది కొలత. దీనికి ఉపగ్రహం అక్కర్లేదు. ఒకటిన్నర మీటరు పొడవున్న నున్నటి కర్రలు రెండు, సెంటీమీటర్ల గీతలు పెట్టినవి. రెండు మీటర్ల తాడు. ఒక నోటుపుస్తకం. ఇద్దరు మనుషులు. గుడి అరుగు మెట్టు లాంటి కదలని గుర్తు ఒకటి ఎంచుకోవాలి. కొబ్బరిచెట్టు పనికిరాదు, ఒడ్డుతో పాటు అదీ పోతుంది. అమావాస్య గానీ పౌర్ణమి గానీ వెళ్ళిన రెండో రోజు, విదియ నాడు, పాటు బాగా తీసిన వేళ మొదలుపెట్టాలి. ఒక కర్ర గుర్తు దగ్గర, రెండోది తాడు బిగువుగా ఉండేంత దూరంలో సముద్రం వైపు నిలబెట్టాలి. వెనక కర్ర దగ్గరున్న మనిషి, ముందు కర్ర తల సముద్రపు గీతతో కలిసేలా కన్ను దించుకుంటూ రావాలి. అలా కలిసినప్పుడు తన కన్ను వెనక కర్ర తల నుంచి ఎన్ని సెంటీమీటర్లు దిగిందో, ఆ రెండు మీటర్లలో ఒడ్డు అంత దిగిందన్నమాట. ఎదురు ఎత్తుగా ఉంటే కన్ను వెనక కర్ర తల దగ్గరే పెట్టి, సముద్రపు గీత ముందు కర్రను ఎక్కడ కోసిందో చూసి, తల నుంచి అక్కడిదాకా లెక్కపెట్టి, ఎక్కినట్టు రాసుకోవాలి. తర్వాత వెనక కర్ర ముందు కర్ర ఉన్న చోటికి వస్తుంది, ముందు కర్ర ఇంకో రెండు మీటర్లు పోతుంది. అలా నీళ్ళ అంచు దాకా. అన్నీ కూడితే ఆ రోజు ఒడ్డు వాలు కాగితం మీదికి వస్తుంది.

ఇందులో తప్పు వచ్చే చోట్లు తెలిసినవే. మెత్తటి ఇసకలో కర్ర దిగబడుతుంది, కింద చిన్న చెక్క బిళ్ళ కొట్టాలి. కర్ర ఒరిగితే కొలత తప్పుతుంది, దారానికి రాయి కట్టి నిలువు చూసుకోవాలి. మబ్బుగా ఉండి సముద్రపు గీత కనబడని రోజు కొలవకూడదు. నెల నెలా అదే గుర్తు నుంచి అదే దిక్కుకు పోవాలి. అన్నిటికంటే పెద్ద తప్పు, తుఫాను వెళ్ళాక మాత్రమే కొలవడం. 2013 ఫైలిన్ లాంటిది వచ్చిపోయాక ఒడ్డు దిగి ఉందంటే, అంతకుముందు ఎంతుందో రాసి ఉంటేనే ఆ దిగడానికి అర్థం. ఈ ఏడాది చైత్రాన్ని నిరుటి చైత్రంతో పోల్చాలి, వర్షాకాలంతో కాదు. రెండేళ్ళు ఇలా కొలిస్తే, దిగుతున్నది రుతువు వల్లనా, రాబడి తగ్గినందువల్లనా అనేది ఊరివాళ్ళకే తెలిసిపోతుంది. వర్త్ కొలతలు హాల్‌సాండ్స్‌కు తవ్వకం మొదలై కొన్నేళ్ళు గడిచాకే అందాయి. మన పేటల్లో ఒడ్డు ఇంకా మిగిలిన చోట ముందే మొదలుపెట్టడానికి వీలుంది.

మీ పత్రిక వల్ల అయ్యే పనులు మూడు అడుగుతున్నాం. తీరం మీద రేవు లాంటి పెద్ద కట్టడం రావాలంటే 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణ జరగాలి. ముప్పై రోజులు ముందుగా నోటీసు ఇవ్వాలి, సారాంశం ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ పెట్టాలి. ఇక్కడ స్థానిక భాష అంటే ఒడియా. పేటలో పిల్లలు ఒడియా బడికి పోతున్నారు కాబట్టి వాళ్ళు చదవగలరు. విచారణలో లేచి మాట్లాడే పెద్దవాళ్ళలో చాలామందికి ఆ లిపి రాదు. అలాంటి నోటీసు వచ్చినప్పుడు దాని సారాంశం, ముఖ్యంగా ఇసక పారకం మీద ఏమి రాశారో ఆ పేరా, తెలుగులో వేయండి. రెండోది, ఇళ్ళు కూలిన వార్త రాసేటప్పుడు విలేఖరిని నాలుగు ప్రశ్నలు అదనంగా అడగమనండి: ఆ రోజు గాలి ఏ దిక్కు, తిథి ఏమిటి, ఒడ్డు కిందటేడు ఎంత ఎత్తుండేది, దక్షిణాన అయిదు కిలోమీటర్లలో కొత్తగా ఏమి కట్టారు.

మూడోది ఖర్చు లేనిది. సూర్యోదయం, రాహుకాలం, బంగారం ధర వేసే చోట ఒక్క గీత జాగా ఇచ్చి గోపాలపురం దగ్గర పోటు, పాటు వేళలు వేయండి. సర్వే ఆఫ్ ఇండియా ఏడాది పొడుగు పట్టికను ముందే ప్రచురిస్తుంది. అల ఎత్తు అంచనా హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ రోజూ ఇస్తుంది. కర్రలు పట్టుకుని ఒడ్డుకు దిగేవాళ్ళకు ఆ వేళ తెలియాలి.

ఇట్లు,
తీరం కొలతల పని చేసే ఇద్దరు సివిల్ ఇంజనీర్లు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా